మళ్ళీ అడుగుతాను

ఫయాల్ దీవి రేవులో
సముద్రం ఎత్తు కొలిచే గదికి రాత్రి కాపలా నేను.
తెర మీద ఒక ఆకుపచ్చ గీత,
దాని కింద మూడు బొత్తాలు,
ఓ మూల చిన్న అక్షరాల్లో ‘తీగ ఒకటి’.
తొమ్మిదేళ్ళుగా
ప్రోగ్రామంటే అంతేననుకున్నాను.

ఫిబ్రవరిలో ఒకనాడు
కెరటాలు గోడెక్కి రోడ్డు మీదికి దూకుతుంటే,
ఉప్పునీళ్ళు గుమ్మం కింద నుంచి చెప్పుల దాకా వస్తుంటే,
తెర మీద గీత మాత్రం
ఇస్త్రీ చేసిన దుప్పటిలా పడుకుంది.
మొదలు నొక్కాను. ఆపు నొక్కాను.
అచ్చు కూడా నొక్కాను, ఏం తోచక.
ఖాళీ కాగితం వచ్చింది.

తెల్లవారుజాము నాలుగింటికి బెల్మీరోకి ఫోన్.
దీన్ని రాసినవాడు. ఇప్పుడు సావ్ జోర్జ్‌లో
ఆవులు కాస్తూ చీజ్ చేసుకుంటున్నాడు.
బకెట్‌లో పాలు పడే చప్పుడు మధ్య అన్నాడు:
“ఎఫ్ పన్నెండు నొక్కు ఇదలీనా.
వెనక ఇంకో కిటికీ ఉంది.
పుట్టిన మొదటి వాక్యంలోనే దాన్ని దాక్కోమన్నాను.
తనిఖీకొచ్చే వాళ్ళకి
బొత్తాల్లేనిది పనిచేస్తుందంటే నమ్మకం కుదరదు.”

నొక్కాను.
తెల్లటి కిటికీ ఒకటి లేచి
గీతని సగం కప్పేసింది.
దాన్నిండా అక్షరాలు.

రెండూ పద్నాలుగు. తీగ పలకలేదు. పర్వాలేదు, మళ్ళీ అడుగుతాను.
రెండూ పదిహేను. తీగ పలకలేదు. పర్వాలేదు, మళ్ళీ అడుగుతాను.

పైకి జరిపాను. నిన్నటివి.
ఇంకా పైకి. క్రిస్మస్ నాటివి.
పక్కనున్న జారుడు కడ్డీ
నువ్వుగింజంత అయిపోయింది, అంత పొడుగు ఆ మాట.
గోడలకి చెవులుంటాయంటారు గానీ
ఈ గోడకి నోరుందని నాకెవరు చెప్పారు?
నేను కాఫీ కలుపుకుంటున్నప్పుడు,
కాళ్ళు బల్ల మీద పెట్టుకుని కునుకు తీస్తున్నప్పుడు,
గీత ఒక్క క్షణం వణికి సర్దుకున్న ప్రతిసారీ
లోపల ఎవరో
విసుక్కోకుండా అడిగారన్నమాట.

అన్నిటికన్నా కింద ఒక శాతం గుర్తు.
ముందు అంకె లేదు.
నూటికి ఎంతో నువ్వే చెప్పు, అన్నట్టు.

“ఇక్కడ రాస్తే అక్కడ జరుగుతుంది,” అన్నాడు.
“రెండో తీగ వేశాను ఆ ఏడు. దానికి బొత్తాం పెట్టలేదు.
తీగ అని రాయి, పక్కన రెండు అని రాయి.”
రాశాను, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ.
ఎంటర్ నొక్కగానే
అవతలి కిటికీ మూలన, ఎవరూ తాకకుండా,
‘తీగ ఒకటి’ కాస్తా ‘తీగ రెండు’ అయింది.
గీత లేచింది. ఎంత పైకంటే
తెర చాల్లేదు దానికి.

అక్షరాలు పెద్దవి చేద్దామని అదే శాతం గుర్తు దగ్గర అడిగితే
ఎర్రగా కసిరింది.
“దాని ఇల్లు వేరు,” నవ్వాడు బెల్మీరో.
“రాసిందల్లా పక్కింటికి చేరవేస్తుంది.
దాన్ని గురించి దానికే చెప్పాలంటే
మాట ఇంకోలా మొదలెట్టాలి. కళ్ళజోడు పెట్టుకో.”

మూసేయాలి, ఎనిమిదికి డైరెక్టర్ వస్తాడు.
ఇంటూ గుర్తు మీదికి వెళ్ళిన వేలు ఆగిపోయింది.
“భయపడకు, అది చావదు, దాక్కుంటుంది.
ఎగ్జిట్ అని మాత్రం రాయకు. రెండూ పోతాయి.”

ఒక్కటడిగాను:
తప్పుకో నంబరిచ్చి ఊరుకోక
ఇన్ని మాటలెందుకు రాశావు?
“ఎవరూ చదవరనుకున్నా,” అన్నాడు.
ఇంకేదో అనబోయాడు కూడా,
ఆవు బకెట్ తన్నింది,
ఫోన్ గడ్డిలో పడ్డట్టుంది.

కన్సోల్ హైడ్ అని రాశాను.
పోయింది.
ఆకుపచ్చ గీత, మూడు బొత్తాలు.
ఏడింటికి నేలియో వచ్చి, తడిసిన టోపీ విదిలించి,
“రాత్రేమైనా విశేషమా?” అంటే
గుమ్మం దగ్గర తుడవాలన్నాను.