ముంత బాకీ

దిండి వాగు దాటినంక
రాళ్లన్నీ పెద్దోళ్లవే.
మూడు గుండ్లు ఒక్కకాడ కలిస్తె భీముని పొయ్యి,
బండ మీద సొట్ట ఉంటె రాముని మోకాలు,
తెల్లచార పారితె సీతమ్మ ఆరేసిన చీర.
గొలుసు పట్టుకొని సర్వేయరు సారు ఎనక
పదకొండేండ్లు నడిచినోణ్ని.
దేవుడు కాలువెట్టని జాగ
గజమన్న దొరకలే.

అచ్చంపేట తొవ్వల, కందిచేను గెట్టు మీద మాత్రం
బోర్లేసిన ముంత లెక్క ఒక గుండు.
నా నడుముకు మించదు.
దాని పేరు సోలి.

ఏడు రాత్రుల కథల
ఆమెకు దక్కేది సగం మాట.
రాజు దండు దిగుతది, గుర్రాలు నురుగులు కక్కుతయి,
"సల్ల పోసె నొక పిల్ల" —
గంతే. తాళం మారుతది,
కథ యుద్ధంల పడ్తది.
రాజు గెలుస్తడు, చస్తడు, చుక్కయితడు.
పిల్ల ఏమాయెనని
కథ చెప్పే బుడ్గ జంగం ముసలాయనను అడిగిన.
తంబుర తీగె బిగించుకుంట
"మా గురువు ఆడిదాంకనే చెప్పిండు బిడ్డా" అన్నడు.

మిగిలింది గొర్లకాడి బీరమ్మ చెప్పింది.
సల్ల తాగిన రాజు
ముందట మళ్ల దూపైతదేమోనని
ముంత సుత పట్టుకపోయిండట.
అది అత్త ముంత.
ఉత్తచేతుల్తోని వస్తె గడప తొక్కనియ్యలేదట.
సోలి తిరిగొచ్చి గెట్టు మీద కూసున్నది —
గెలిచినంక ఇటే వస్తడు గదా, అని.

ఇప్పటికీ అటు పోయేటోళ్లు
గుండు మీద ఒక గులకరాయి పెట్టి అడుగుతరు:
"సోలీ, ముంత ఇచ్చిండా?"
వాళ్లే గొంతు సన్నంగ జేసి జవాబు చెప్తరు:
"ఇయ్యలే."
పత్తి ఏరబోయేటోళ్లు, బడి పోరగాండ్లు,
కొత్త బండి కొన్న మేస్త్రి — ఇంజను బందు వెట్టకుంటనే.

సారు నక్ష మీద వంగి అడిగిండు,
"దీనికేమన్న పేరున్నదా, రాయాల్నా?"
చెప్పిన. అంతా విన్నడు.
నువ్వుగింజకన్న చిన్న చుక్క వెట్టిండు.
కాయిదం మడిస్తె
మడత సక్కగ దాని మీదికెళ్లి పోయింది.

పొద్దుగూకింది.
నేను గొలుసు చుట్టుకుంట చేనుకాడ ఉన్న.
సారు గుండు దగ్గరికి ఒక్కడే పోయిండు.
ఇటు అటు చూసి,
జేబుల నుంచి రాయి తీసి,
మెల్లగ అడిగిండు.

జవాబు తానే చెప్పుకోవాల్నని
ఆయనకు నేను చెప్పలే.
చెవి వొగ్గి
నిలబడ్డడు.