గొంగడి నాలుగు మడతలు

నా మిషన్ తొక్కుడు
కింది పోర్షన్ల సైదులుకు
నెత్తిల మేకు దిగినట్టు ఉంటదట.
మిర్యాలగూడ రైసుమిల్లుల రాత్రి డ్యూటీ,
పగలే ఆయనకు నిద్ర.

మిషన్ కాళ్ళ కింద లారీ టైరు ముక్కలు కోసి పెట్టిన,
దాని కింద రెండు గోనెసంచులు,
అన్నిటికింద అమ్మ కప్పుకున్న గొంగడి.
పెండ్లోళ్ళ జాకెట్లు ఇరవై అయినయి.
కిందికెల్లి కట్టెతోని స్లాబు పొడుసుడు లేదు.

ఇయ్యాల మధ్యాహ్నం
దారం తెగి ఆగిన.
కిటికిలకెల్లి వచ్చింది పైకి
దగ్గు,
చాట్ల ఊక చెరిగినట్టు,
ఆగకుంట.

నా చప్పుడు కాళ్ళది, నేలల పోతది,
తొక్కిపెట్టిన.
గాలిల వచ్చేదానికి
ఏ గొంగడి?

కిటికి రెక్క సగం దగ్గరికేసి
మళ్ళ తీసిన.
సూదికి దారం ఇంకా ఎక్కియ్యలే.