వెనక వైపు

బ్రాడీపేట నాలుగో లైన్లో మా ఆఫీసు.
రెండు స్కానర్లు, ఒక గుమస్తా.
స్కానర్లకి గ్యారంటీ రెండేళ్ళు.
బుడే సాహెబ్ గారికి డెబ్బై ఒకటి.

ముందే చెప్తున్నాను, పాత రోజుల మీద నాకేం బెంగ లేదు.
జూనియర్‌గా చేరినప్పుడు ఒక్క తీర్పు కోసం
సీనియర్ గారి అటక మీద, బొద్దింకల సావాసంలో
రాత్రి పదింటిదాకా వెతికినదాన్ని.
ఇప్పుడదే తీర్పు పాలు పొంగేలోపు దొరుకుతుంది.
మొన్న హైకోర్టులో వాదించింది కూడా
జ్వరమొచ్చిన పాప మంచం పక్కనుంచే,
పైన నల్లకోటు, కింద నైటీ.
"మ్యూట్ తీయండి మేడమ్" అన్నారు జడ్జిగారు. అంతే.

ఎటొచ్చీ, పొద్దుగూకడం అనేది పోయింది.
అప్పట్లో గడువంటే కౌంటరు మూసేదాకా.
షట్టరు సగం దిగాక వంగి తోసిన కాయితం కూడా
ఫైలింగే అంటారు బుడే సాహెబ్,
తన నడుం నొప్పి అక్కడిదేనంటారు.
ఇప్పుడు గడువు అర్ధరాత్రి.
పదకొండూ యాభై ఎనిమిదికి
తెర మీద ఆగకుండా తిరిగే చక్రానికి
నేను మొక్కినన్ని మొక్కులు కోటప్పకొండకి మొక్కలేదు.

సంగతి ఏసోబుది.
ప్రత్తిపాడు పక్కన మూడెకరాల కౌలు మిరప.
యార్డు వ్యాపారి ప్రోనోటు మీద దావా వేశాడు.
"ఎప్పుడో తీర్చేశానమ్మా, నోటు చింపేశానన్నాడు"
అంతకు మించి చెప్పలేడు. రసీదు లేదు.
దావాతో పాటు నోటు పీడీఎఫ్ వచ్చింది,
చాకిరేవు నుంచి వచ్చినట్టు తెల్లగా.
రెవెన్యూ స్టాంపు, సంతకం, సాక్షులిద్దరు.
సంవత్సరం 2018.
పెద్దది చేసి చూశాను. ఇంకా పెద్దది చేశాను.
అంకె కాస్తా బూడిదరంగు గళ్ళయి చెదిరింది.
జవాబుదావా రాయమని సాఫ్ట్‌వేరుని అడిగితే
నలభై సెకన్లలో పదకొండు పేజీలిచ్చింది,
కామాలతో సహా సరిగ్గా ఉన్నాయి.
ఏసోబు మాత్రం ఎక్కడా తగల్లేదు.

బుడే సాహెబ్ తెర ముందుకొచ్చి నిలబడ్డారు.
అలవాటు కొద్దీ చెయ్యి చాపి, కాయితం తిప్పబోయి
మానిటర్ అంచు దగ్గర ఆగిపోయారు.
"దీనికి వెనక వైపేదమ్మా?"

నవ్వేశాను.
ఆ నవ్వులోనే మెమో రాశాను,
అసలు నోటు కోర్టులో దాఖలు చెయ్యాలని.

మూడు వాయిదాల తర్వాత
శిరస్తాదారు గారి బల్ల మీద, ఆయన కళ్ళ ముందే
ప్లాస్టిక్ కవర్లోంచి బయటికొచ్చింది నోటు,
మడతల్లో కాస్త మిరప ఘాటుతో.
బుడే సాహెబ్ కళ్ళజోడు తీసేశారు.
అవును, తీసేశారు.
కాయితం బోర్లించి, బియ్యంలో మెరిగ వెతికినట్టు
బొటనవేలితో నెమ్మదిగా రాశారు.
"ఇక్కడ కలం రెండుసార్లు నడిచింది.
8 కింద 3 ఉందమ్మా.
రెండోసారి రాసినోడు భయపడ్డాడు, గట్టిగా నొక్కాడు."

2013 అయితే
ఆ నోటుకి మూడేళ్ళకే నూరేళ్ళు నిండాయి.

నిపుణుడికి పంపమని పిటిషన్ వేశాం.
ల్యాబు రిపోర్టు ఇంకా రాలేదు.
వాళ్ళవి మావాటికంటే పెద్ద మిషన్లు, ఏమంటాయో.
ఓడిపోయినా ఓడిపోవచ్చు.
ఏసోబు ఫోనుకి వాయిదా తేదీ మెసేజ్ వస్తుంది.
చదివించుకోడానికి ఆటోలో ఇక్కడిదాకా వస్తాడు.

నిన్న బుడే సాహెబ్ పింఛను పని మీద వెళ్ళి
చిన్నబోయిన ముఖంతో తిరిగొచ్చారు.
వేలిముద్రల మిషను ఆయన్ని ఒప్పుకోలేదట.
"తుడిచి పెట్టు తాతా" అన్నాడట కుర్రాడు, నాలుగుసార్లు.
యాభై ఏళ్ళు కాయితాలు తిప్పిన వేళ్ళు,
గీతలన్నీ కట్టల్లోకి పోయాయి.
"నేను బతికే ఉన్నానని అఫిడవిట్ కావాలంటమ్మా,
కొట్టండి మీ మిషన్లో."

ఆ సాఫ్ట్‌వేరుని తెరవలేదు.
తెల్లకాయితం తీసి, పెన్ను విదిలించి
నేనే మొదలుపెట్టాను:
షేక్ బుడే సాహెబ్ అను నేను, వయస్సు 71 సంవత్సరములు,
గుంటూరు కాపురస్తుడను,
ప్రమాణపూర్వకముగా తెలియజేయునది ఏమనగా