రెండున్నర అడుగులు

స్టేషన్ బోర్డులు రాయడం నా పని.
నౌపడ నుంచి పాతపట్నం దాకా
ఊళ్ల పేర్లన్నీ నా కుంచె కిందే ఆరాయి,
పసుపు మీద నలుపు.
పాత రేకు గీకినప్పుడల్లా అడుగున ఇంకో రాత,
ఒక కంపెనీ కింద ఇంకో కంపెనీ.
అన్నిటికన్నా కింద
గోరు తగిలితే పెచ్చుగా లేచే నీలం,
రాజావారి కాలం నాటిదని మా నాన్న అనేవాడు.

పెద్దలైను నౌపడ దాకా వచ్చి,
సముద్రపు గాలి పీల్చి, తన దారిన తాను పోయింది.
కొండవైపు చూడనైనా లేదు.
పర్లాకిమిడి రాజావారు సొంత డబ్బుతో
సొంత లైను వేసుకున్నారు.
పట్టాకీ పట్టాకీ మధ్య
రెండున్నర అడుగులు.
అంటే ఎంత?
మా మామ్మ తలమీది ఉప్పుతట్ట కన్నా
జానెడు ఎక్కువ.

మామ్మ పేరు దాలమ్మ.
చీకటుండగానే ఉప్పుమడుల్లోంచి లేచి
తడితట్టతో తలుపు పక్కన కూలబడేది.
నీళ్లు కారేవి. చెక్క నానేది. మేకులు చిలుం పట్టేవి.
ముప్పై ఏళ్లు అదే పెట్టె, అదే మూల.
టిక్కెట్టు లేదు.
పాణిగ్రాహి గారు రోజూ అడిగేవారు, ఉద్యోగ ధర్మం కొద్దీ.
"నా ఉప్పు తిని నన్నే అడుగుతావేటి, బాబూ?"
గుప్పెడు రాళ్లుప్పు ఆయన రుమాల్లో పడేది.
ఆయనింటి చారులో కరిగిన టిక్కెట్లకి
ఏ కంపెనీ దగ్గరా పద్దు లేదు.

టెక్కలి. పెద్దసాన. టెంబూరు.
జీడితోటల దగ్గర దండాసి డ్రైవరు
బండి నెమ్మది చేశానంటే
నమ్మాల్సిందే తప్ప తేడా తెలిసేది కాదు.
పాతపట్నం సంతకి సవరలు కొండ దిగేవారు.
ఉప్పు పోసి పసుపు, ఉప్పు పోసి చింతపండు,
బేరం కుదిరిన నాడు ఓ కొండచీపురు.
పొద్దున తెల్లగా వెళ్లిన తట్ట
సాయంత్రానికి పసుపుపచ్చగా, పుల్లగా వచ్చేది.

చిన్నరైలు ఆఖరి రోజున
ఇంజను ముందు గుడ్డ మీద "వీడ్కోలు" అని రాసింది నేనే.
అందుకని నాకో కిటికీ ఇచ్చారు.
అరటి బోదెలు కట్టారు, బంతిదండలేశారు.
విశాఖపట్నం నుంచి, ఇంకెక్కడెక్కడి నుంచో
మెడలో కెమెరాలతో జనం.
మామ్మ మామూలుగానే వచ్చింది. ఆవేళ సంత.
"కొంచెం జరుగు, ఫొటోకి అడ్డం" అన్నాడెవరో.
జరిగింది.
జరిగి జరిగి ప్లాట్‌ఫారం దిగిపోయి
పట్టా పక్క బాట పట్టింది.

బండి కదిలి ఆమెని దాటింది.
మలుపులో ఎవరిదో దండ చక్రంలో పడి ఆగింది.
ఆమె మమ్మల్ని దాటింది.
మళ్లీ మేం. మేకల కోసం ఆగాం. మళ్లీ ఆమె.
టెక్కలి కనబడుతుండగా కిటికీలోంచి చెయ్యి చాపాను.
"ఎక్కీ మామ్మా!"
తల తిప్పకుండా అంది, తట్ట ఉంది కదా,
"నువ్వెల్రా నాయినా. నాను బేగెల్లాల."

పెద్దలైను పడ్డాక ఒక్కసారే రైలెక్కింది.
టిక్కెట్టు నేను కొన్నాను.
దాన్ని గుప్పిట్లో పట్టుకునే కూర్చుంది.
దిగేసరికి అక్షరాలు చెమటలో కలిసిపోయాయి.

ఇప్పుడు స్టేషన్ బయట
దిమ్మె కట్టి నిలబెట్టారు ఓ పాత పెట్టెని.
ఏడాదికోసారి రంగు నేనే వేస్తాను.
అంతటా నిలుస్తుంది.
తలుపు పక్క మూల మాత్రం, వానలు రాకముందే,
పొక్కులు పొక్కులుగా లేస్తుంది.
కొత్తగా వచ్చిన ఇంజనీరు బూటుతో తన్ని చూశాడు.
"నాసిరకం రంగు వేశావయ్యా."
"అవునండి" అన్నాను.
గీకుడుపార తీసుకుని కూర్చున్నాను.