వేలిముద్ర పడలే

ప్రమాణం చేసిన నాడు
మా ఓర్సు మొగిలి సర్పంచ్‌కు
మండలాఫీసుల ముందుగాల ఎదురైంది మనిషి గాదు,
అరచెయ్యంత మిషను.
బొటనవేలు పెట్టుమన్నది. పెట్టిండు.
మళ్ల పెట్టుమన్నది.
తుడిచి పెట్టిండు, తడి చేసి పెట్టిండు,
పది వేళ్లూ వరుసబెట్టి చూపిచ్చిండు.
గీతలు లేవన్నది.

ఆపరేటర్ పిలగాడు కిసుక్కున నవ్విండు.
మొగిలన్న చేతుల దిక్కు చూసుకుని
"యాడ బోతయి బిడ్డా,
పరకాల తొవ్వ పొడుగునా కడీల మీదున్నయి గదా" అన్నడు.

నేను కారోబారును.
ముప్పై ఏండ్ల సంది సర్పంచుల సంతకాలు మోసినోణ్ణి.
ఒకాయినది గుర్రం లెక్క ఉరికే సంతకం,
ఒకామెది మొగడు పెట్టే సంతకం.
మొగిలన్న పెన్ను పడితే ఉలి పట్టినట్టే,
కింది మూడు కాగితాల దాకా అచ్చు దిగేది.
'ఓ' చుట్టూ నిమ్మలంగ చెక్కేటోడు,
'మొ' కాడ ఆగి ఊపిరి పీల్చుకునేటోడు.

ఎస్సీ కాలనీ మోరి బిల్లుకు
కాంట్రాక్టర్ బొలెరోల దిగిండు.
మిఠాయి డబ్బా, డబ్బా కింద కవరు.
డబ్బా నాకిచ్చి, కవరు ఆయన జేబులనే వెట్టి
సుత్తె పట్టుకుని మోరెంబడి నడిచిండు మొగిలన్న.
మూడడుగులకోపాలి కొట్టుడు, చెవి ఆనిచ్చుడు.
టంగు. టంగు. టంగు. డబ్.
"ఈడ డొల్ల."
సుద్దముక్కతోని గీత.
నలభై గజాల్ల పదకొండు గీతలు.
ఇంజనీరు కొలతల పుస్తకంల ఒక్క డొల్లా లేదు.
"పుస్తకం మోగది సారూ, గోడ మోగుతది."

ఆ మోరి మళ్ల కట్టిచ్చిండు.
కట్టిచ్చుడేంది, లుంగీ ఎగజెక్కి తనే కట్టిండు.
తనిఖీకొచ్చిన ఆఫీసరు
సర్పంచేడని మేస్త్రినడిగితే
"కాళ్లు కడుక్కుని వస్తడు, కూసోండ్రి" అని జెప్పి
చెప్పినోడే కాళ్లు కడుక్కుని వచ్చి కుర్చీల కూసున్నడు.

వడ్డెరోనికి కుర్చీ ఏందని
గుసగుస పెట్టినోళ్ల ఇండ్లు గూడ
ఆయన తాత పేర్చిన పునాదుల మీదనే నిలబడ్డయి.
ఆ మాట ఆయన ఎన్నడనలే.
నేనంటున్న.

అంతా మంచిగైందని చెప్ప.
వైకుంఠధామం కట్టుమన్నరు, అప్పు జేసి కట్టిండు.
పైనుంచి బిల్లు రాలే.
సిమెంటు దుకాణం కొమురెల్లి
పొద్దుగాల్నే వచ్చి గేటుకాడ కూసునుడు.
మల్కమ్మ పుస్తెలతాడు హన్మకొండల కుదువకు వోయింది.
గ్రామసభల మొగిలన్న గొంతు
ఒక్కో నెలకు ఒక్కో వరుస దిగింది.

ఒక రాత్రి గుట్ట దిక్కుకెళ్లి
సమ్మెట సప్పుడినబడ్డది.
బండ పగిలే సప్పుడు మా ఊరికి కొత్త గాదు,
పదవిలున్న సర్పంచ్ కొట్టే సప్పుడు కొత్త.

తెల్లారి ఆఫీసుకొస్తే
కనురెప్పల మీద తెల్లటి దుమ్ము.
తువ్వాల ఇచ్చిన. తుడుసుకోలే.
"లెక్కల పుస్తకం తియ్యి.
పన్నెండు వందలు, కొమురెల్లికి జమ."
ఏ పద్దు కింద రాయాలె అన్న.
కిటికీలకెళ్లి చానసేపు బయటికి చూసిండు.
దగ్గిండు.
"రాయి కింద రాయి" అన్నడు.

అట్లనే రాసిన.
ఆడిట్ల ఎవ్వరడుగలే.