చెంచాడు తోడు

కుతైసిలో మాది అయిదో అంతస్తు.
లిఫ్టు కదలాలంటే నాణెం వెయ్యాలి,
నాణెం మిగలాలంటే మోకాళ్ళు అరగాలి.
పది లీటర్ల పాలూ నేనే మోసుకొస్తాను
మెట్టుకో లెక్క చెప్పుకుంటూ:
పాలకి ఇంత, గ్యాసుకి ఇంత,
మూతలకి ఏమీ లేదు,
మూతలు పక్కింటి ఎతెరి ఇచ్చింది.

పెట్టుబడి ఎంత అంటే ఏం చెప్పను?
ఊరగాయలు తిని కడుక్కున్న సీసాలు పద్నాలుగు,
ఒక సొట్ట గిన్నె,
మామగారి పాత సైన్యం కోటు.
ఏ మంచులోనో ఆయన్ని కాచిందట అది.
ఇప్పుడు రాత్రిళ్ళు సీసాల్ని పొదువుకుని
వంటింటి బల్ల మీద పడుకుంటుంది
బొత్తాలన్నీ పెట్టుకుని.

మొదట్లో ఇది వ్యాపారం కాదు.
జ్వరం తగ్గిన తెక్లే
ఏది పెట్టినా మొహం తిప్పేసేది.
పిల్ల చేతులు చూసి ఎతెరి
ఏమీ అనకుండా వెళ్ళి చెంచాడు తోడు తెచ్చింది.
"వేలు పెట్టి చూడు మక్వాలా,
పాలు చురుక్కుమనాలి గాని కాల్చకూడదు."
మా భాషలో ఈ తోడుని దెదో అంటాం,
అమ్మ అనే మాటకి దగ్గరి చుట్టం.
మర్నాడు పిల్ల గిన్నె నాకి
"ఇంకా" అంది.
నేను వంటింట్లోకెళ్ళి
కుళాయి తిప్పుకుని కాసేపు నిలబడ్డాను.

తర్వాత మూడో అంతస్తు నాజిబ్రోలా అడిగింది,
తర్వాత వాళ్ళ చెల్లెలు,
తర్వాత మందుల షాపులో కళ్ళద్దాలాయన,
కడుపులో మంటకి మత్సోనిని మించింది లేదని,
మాత్రలు అమ్ముతూనే.

రాత్రంతా బేకరీలో రొట్టెలు కాల్చి
ఒతారి పగలు పడుకుంటాడు.
అందుకే మా బేరాలన్నీ గుసగుసల్లోనే.
"తలుపు కొట్టొద్దు, గోకండి" అని
గెగా అట్టముక్క మీద రాసి అంటించాడు,
రెండు తప్పులతో. అదే మా బోర్డు.

ఒకరాత్రి వాడే కోటు ఎత్తి
సీసాలన్నీ కదిపి చూశాడు, పాలు నిద్రపోయాయో లేదోనని.
తెల్లారేసరికి పద్నాలుగింట్లోనూ నీళ్ళ విరుగుడు.
గుసగుసగా తిట్టడం ఎంత కష్టమో
మీరూ ప్రయత్నించి చూడండి.
సగంలో నాకే నవ్వొచ్చింది.
వారమంతా ఆ పుల్లటి నీళ్ళతో పిండి కలిపాను.
పుస్తకంలో "నష్టం" అని రాసి
పక్కన "రొట్టెలు" అని రాశాను.

ఇంట్లో ఒకటే చట్టం:
మొదటి సీసా పిల్లలది.
ఎవరు ఎంత గోకినా సరే.

ఈస్టరు ముందటి శనివారం
ఉపవాసాల ఆకలంతా మా గుమ్మంలో నిలబడింది.
పదమూడు అమ్మాను.
పద్నాలుగోది తెక్లే వైపు చూడకుండా అమ్మాను.
డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను,
మూడోసారి ఊరికే, సంతోషానికి.

ఆ తర్వాత ఫ్రిజ్ తెరిస్తే
అడుగున తోడు కూడా లేదు.

ఎతెరి బతూమిలో అక్కగారింటికి వెళ్ళింది.
చెంచా పట్టుకుని రెండంతస్తులు దిగి
నాజిబ్రోలా తలుపు గోకాను,
నేను పొద్దున అమ్మిన దాంట్లోంచే
ఒక చెంచాడు అడగడానికి.
ఆవిడ ఎందుకని అడగలేదు.
పండక్కి దాచుకున్న సీసా మూత తీసి
కదలని ఆ తెల్లటి గడ్డని నా కళ్ళముందే కోసింది.
"పిల్లలు తిన్నారా?" అంది.
తల ఊపాను. ఎటు ఊపానో నాకే తెలీదు.
సీసా మొత్తం చేతిలో పెట్టేసింది,
చెంచా మాత్రం తన దగ్గరే ఉంచుకుని
ఒక్కసారి నాకి తిరిగి ఇచ్చింది.

సీసా తొణుకుతుందేమోనని
ఆ రాత్రి లిఫ్టు ఎక్కాను.
నాణెం గలగలమంటూ లోపలికి జారింది.
ఆ ఖర్చు ఏ పద్దు కింద రాయాలో
ఇంకా తేల్చుకోలేదు.