ఎడం

తెల్లారి నాలుగింటికే కాలవ గట్టెక్కాం,
పోలీసు జీపు తిరిగేలోపు చేలో దిగిపోవాలని.
ఆటోకి ఇద్దరే అన్నారు,
లాకుల దాకా నడకే.

సువార్త మాస్కు పాత లంగా చింపి కుట్టింది.
వంగితే చెమటంతా అందులోకే దిగి
ఊపిరి ఉప్పగా తగుల్తోందంది.

గట్టు మీంచి కామందు కేకేశాడు:
"మనిషికీ మనిషికీ ఆరడుగులు!"
మధ్యాహ్నానికి ఆయనే,
"దగ్గరగా కదలండే, నారు ముదిరిపోతోంది."
మంచినీళ్ళు మాత్రం
గట్టున నిలబడి పైనించి పోయించాడు.
దోసిలి పట్టడం మా అమ్మకి తెలుసు.
నేను ఈ యేడు నేర్చుకున్నాను.

మస్కట్ విమానం దిగిన కాసులు
పద్నాలుగు రోజులు బడిలో పడుకుని
సరాసరి బురదలోకొచ్చింది.
ఏడేళ్ళు పాలరాతి గచ్చు తుడిచిన చేతికి
నారు పట్టు చిక్కడం లేదు.
అలాంటోళ్ళు ఊరికి పాతికమంది దిగేసరికి
కూలి యాభై తగ్గింది.
మేం కాసుల్ని ఏమీ అనలేదు,
పక్కన కూచుని అన్నమూ తినలేదు.

నాలుగో రోజు వరసలో ఒక ఖాళీ.
సువార్తకి జ్వరం,
గుమ్మానికి అడ్డంగా వెదురు కర్రలు కట్టారు.
ఆ గురువారమే డ్వాక్రా వాయిదా.
మేస్త్రి, సర్దుకోండి అన్నాడు.
సర్దుకున్నాం.
కాసులు జరగలేదు.
"అది దాని మునుం" అని
తన మునుంతో పాటు అదీ ఊడ్చింది
పొద్దు వాలేదాకా, మూలుగుతూ.

ఇద్దరి కూలి అడిగితే ఒకరిదే ఇచ్చారు.
దాన్ని ఎలా పంచిందో,
కర్రల సందులోంచి ఎంత వెళ్ళిందో
నాకు తెలీదు,
నడుం నొప్పిలో చూళ్ళేదు.
ఆ మునుం మాత్రం ఒంకరగా
పచ్చబడింది.